రాగి అయాన్లను పట్టే రంధ్రాల పొర: మీ ల్యాబ్‌లో మీరే చేసి పరీక్షించుకోవడం ఎలా

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. ఇది జల్లెడ కాదు. నీటి అణువుల్ని చుట్టూ కప్పుకున్న రాగి అయాన్ వెడల్పు ఒక నానోమీటరు కూడా ఉండదు. మనం చేయబోయే పొరలో రంధ్రాలు పది, ఇరవై మైక్రాన్లవి. అంటే అయాన్ కంటే పదివేల రెట్లకు పైగా పెద్దవి. కోట గుమ్మంలోంచి దోమ దూరినట్టు అయాన్ దర్జాగా వెళ్లిపోతుంది. దాన్ని ఆపేది రంధ్రం కాదు, రంధ్రం గోడ. ఆ గోడకి అయాన్‌ను పట్టుకునే గుణం ఉంటేనే పని జరుగుతుంది. లేకపోతే ఎంత ముచ్చటైన పొర చేసినా అది వడపోత గుడ్డతో సమానం.

మరి రంధ్రాలెందుకు? దారి కోసం. నీటిలో రాగి అయాన్ తనంతట తాను వ్యాపిస్తూ పావు మిల్లీమీటరు దూరం పోవడానికి సుమారు నిమిషంన్నర పడుతుంది. చిక్కటి పాలిమర్ లోపలైతే అంతకు పదింతలు, ఒక్కోసారి వందింతలు. అదే పది మైక్రాన్ల దూరమైతే సెకనులో ఏడో వంతు చాలు. ద్రావణాన్ని ఇలాంటి సన్నటి దారుల్లోంచి తోస్తే ప్రతి అయానూ గోడకు ఆనుకునే పోతుంది, వెతుక్కోవాల్సిన పని ఉండదు. గుళికలుగా చేసిన పాలిమర్‌తో గంటలు పట్టే పని పొరతో నిమిషాల్లో అవడానికి కారణం ఇదే.

ఏ లోహానికి ఏ గోడ అన్నది మొదట తేల్చుకోవాలి. పాదరసాన్ని పట్టాలంటే గంధకం ఉన్న థయాల్ సమూహం కావాలి. సముద్రపు నీట్లో లీటరుకు మూడు మైక్రోగ్రాముల చొప్పున ఉండే యురేనియం కోసం అమిడాక్సిమ్ అనే సమూహం వాడతారు. రాగికి నత్రజని ఉన్న అమైన్ సమూహం సరిపోతుంది. 1948లో రసాయన శాస్త్రవేత్తలు ఇర్వింగ్, విలియమ్స్ ఇచ్చిన వరసలో మాంగనీసు నుంచి ఇనుము, కోబాల్టు, నికెల్ మీదుగా బంధం బలపడుతూ వచ్చి రాగి దగ్గర శిఖరానికి చేరుతుంది, జింక్ దగ్గర మళ్లీ పడిపోతుంది. పైగా రాగి పట్టుబడితే నీలంగా కంటికి కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు దొరకదు. అందుకే ఈ పాఠమంతా రాగి మీదే, పొర కైటోసాన్‌తోనే.

కైటోసాన్ అంటే రొయ్య, పీత పెంకుల్లోని కైటిన్ నుంచి ఎసిటైల్ సమూహాలను తీసేసి అమైన్లను బయటపెడితే వచ్చే పాలిమర్. మామూలు నీటిలో కరగదు, పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది, క్షారంలో మళ్లీ గట్టిపడుతుంది. సిలికా దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆమ్లంలో కదలకుండా కూర్చుంటుంది, వేడి క్షారంలో కరిగిపోతుంది. ఈ రెండింటి వైరమే మన పద్ధతి. సిలికా రేణువుల్ని కైటోసాన్‌లో ఇరికించి ఆరబెట్టి, ఆ తర్వాత క్షారంలో వేస్తే సిలికా పోయి దాని చోట రంధ్రం మిగులుతుంది.

కావలసినవి

కైటోసాన్ పొడి (డీఎసిటైలేషన్, అంటే ఎసిటైల్ తీసేసిన వాటా, 85 శాతం చుట్టుపక్కల, మధ్యస్థ అణుభారం), గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్, 25 శాతం గ్లూటరాల్డిహైడ్, గ్లిజరాల్, కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్, ఈడీటీఏ డైసోడియం లవణం (లోహ అయాన్లను గట్టిగా పట్టుకునే పదార్థం), పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం, డిస్టిల్డ్ వాటర్. పీహెచ్ మీటరు తప్పనిసరి. పీహెచ్ కాగితంతో నెట్టుకురావచ్చు అనుకుంటే ఈ పని మొదలుపెట్టకండి.

సిలికా కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద రాసింది జాగ్రత్తగా చదవండి. టీఎల్‌సీకి (పలుచని పొర క్రొమటోగ్రఫీకి) వాడే సన్నటి సిలికా జెల్ మనకు బాగుంటుంది. కానీ పేరులో ‘జి’ ఉంటే అందులో జిప్సం కలిపారని అర్థం. ‘ఎఫ్ 254’ అని ఉంటే అతినీల కాంతిలో మెరవడానికి జింక్, మాంగనీసు ఉన్న పదార్థం కలిపారని. లోహాలు పట్టే పొరలో ముందే లోహం కలిపి పెట్టుకోవడం ఏం తెలివి? అవి రెండూ లేని ‘హెచ్’ రకం తీసుకోండి.

ద్రావణం చేయడం

100 మి.లీ. నీటిలో 1 మి.లీ. ఎసిటిక్ ఆమ్లం కలపండి. స్టిర్రర్ మీద పెట్టి, తిరుగుతుండగానే 2 గ్రాముల కైటోసాన్ కొద్దికొద్దిగా చల్లండి. ఒక్కసారి పోస్తే ఉండలు కడుతుంది. ఉండ పైన జిగురు తొడుగు ఏర్పడి లోపలికి ఆమ్లం చేరదు, ఇక అది ఒక పట్టాన కరగదు. రాత్రంతా తిప్పితే ఉదయానికి ఆముదంలా చిక్కటి, లేత పసుపు ద్రావణం వస్తుంది. అందులో కరగని నలకలుంటాయి. నైలాన్ వల గుండా వడగట్టి తీసేయండి. తర్వాత కొన్ని గంటలు కదపకుండా ఉంచితే బుడగలు పైకి తేలిపోతాయి.

సిలికా కలిపి పోయడం

6 గ్రాముల సిలికా, అంటే కైటోసాన్‌కు మూడింతలు. ఇంకా ఎక్కువ వేస్తే రంధ్రాలు పెరుగుతాయి కానీ పొర చేతిలో విరుగుతుంది. తక్కువైతే రేణువులు ఒకదానికొకటి తగలవు. అప్పుడు రంధ్రాలుంటాయి, దారి ఉండదు. నెమ్మదిగా అరగంట తిప్పండి. వేగంగా తిప్పితే నిన్న కష్టపడి పోగొట్టిన బుడగలన్నీ మళ్లీ వస్తాయి. సిలికా పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తూచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

9 సెం.మీ. పెట్రీ డిష్‌లో 20 మి.లీ. పోస్తే మూడు మిల్లీమీటర్ల లోతు వస్తుంది. గాజు వద్దు, పాలీప్రొపిలిన్ డిష్ మేలు, పొర తేలిగ్గా ఊడుతుంది. బల్ల సమంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూసుకోండి. 45 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఒక రాత్రి, అవసరమైతే ఇంకొంతసేపు.

ఇక్కడ చిక్కదనం ఎందుకు ముఖ్యమో చెప్తాను. 20 మైక్రాన్ల సిలికా రేణువు మామూలు నీటిలో మూడు మిల్లీమీటర్లు కిందికి దిగడానికి అర నిమిషం కూడా పట్టదు. ఆముదమంత చిక్కటి ద్రావణంలో అదే దూరానికి ఆరేడు గంటలు. ఈలోగా ద్రావణం ఆరుతూ ఇంకా చిక్కబడుతుంది, రేణువు ఉన్నచోటే నిలిచిపోతుంది. మీ కైటోసాన్ అణుభారం తక్కువై ద్రావణం పలచగా వస్తే సిలికా అంతా అడుగున చేరుతుంది. ఊడదీసిన పొరను కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూడండి. రెండు వైపులా సున్నం గోడలా మెరుపు లేకుండా ఉంటే బాగా వచ్చినట్టు. ఒకవైపు గరుగ్గా, రెండోవైపు ప్లాస్టిక్ కాగితంలా నిగనిగలాడుతుంటే ఆ నిగనిగలాడే వైపు రంధ్రాలు లేవు. దాని గుండా చుక్క కూడా దిగదు. మరమ్మతు కుదరదు, ద్రావణంలో కైటోసాన్ పెంచి మళ్లీ పోసుకోవడమే.

సిలికాను తీసేయడం

ఆరిన పొర ఇంకా కైటోసాన్ ఎసిటేట్ రూపంలోనే ఉంటుంది. అది నీటిలో కరుగుతుంది. కాబట్టి ‘ఒకసారి కడిగి వేద్దాం’ అని పొరపాటున కూడా నీళ్లలో పెట్టకండి. నేరుగా క్షారంలోకే.

5 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 100 నుంచి 150 మి.లీ. తీసుకుని, 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. ఒక పొరలో ఉన్నది 1.2 గ్రాముల సిలికా. దాన్ని సోడియం సిలికేట్‌గా మార్చడానికి కావలసిన దానికంటే ఈ క్షారం మూడింతలు ఎక్కువే ఉంటుంది. గాజు బీకర్ వద్దు, వేడి క్షారం గాజునూ తింటుంది, అందులోని సిలికా మీ లెక్కలో కలుస్తుంది. మూతున్న పాలీప్రొపిలిన్ డబ్బాను నీళ్ల స్నానంలో పెట్టండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా వేడి కాస్టిక్ దగ్గరికి పోవద్దు. చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు.

తర్వాత కడిగిన నీటి పీహెచ్ మామూలు నీటి పీహెచ్‌కు వచ్చేదాకా కడగండి. చాలాసార్లు కడగాలి, విసుగొస్తుంది, తప్పదు. సిలికా పూర్తిగా పోయిందా అని అనుమానముంటే ఒక చిన్న ముక్క ఆరబెట్టి తూచి, మఫిల్ ఫర్నేస్‌లో 600 డిగ్రీల దగ్గర కాల్చండి. కైటోసాన్ కాలిపోతుంది, మిగిలిన బూడిద బరువే మిగిలిన సిలికా. బూడిద కంటికి ఆనేంత ఉంటే ఇంకో గంట క్షారంలో ఉంచాలి.

ఇప్పుడొచ్చింది అసలు ప్రలోభం: ఆరబెట్టి దాచుకోవడం. నేను మొదటిసారి చేసిన పొరను మంచి ఫొటో కోసం ఓవెన్‌లో పెట్టాను. గంట తర్వాత చూస్తే అరచేయంత పొర ఎండుటాకులా ముడుచుకుని, పసుపుగా, గోరుతో కొడితే టక్కుమనేలా అయిపోయింది. నీరు ఆవిరవుతూ రంధ్రాల గోడల్ని ఒకదానిమీదికొకటి లాగేస్తుంది. ఒకసారి అతుక్కున్న గోడలు మళ్లీ నీళ్లలో వేసినా పూర్తిగా విడిపోవు. పొరను తడిగానే, నీళ్లలోనే ఉంచండి. ఆరబెట్టక తప్పదంటే 20 శాతం గ్లిజరాల్‌లో అరగంట నానబెట్టి గది వేడిలో ఆరనివ్వండి, లేదా ఫ్రీజ్ డ్రయ్యర్ వాడండి.

తడి పొరలోంచి ఒక ముక్క కోసి, దాని తడి బరువు, అదే ముక్కను ఆరబెట్టాక పొడి బరువు తూచుకుంటే నీటి శాతం తెలుస్తుంది. ఉదాహరణకు తడి బరువు 1.9 గ్రాములు, పొడి బరువు 0.4 గ్రాములు అనుకోండి. నీరు 1.5 మి.లీ., పాలిమర్ ఘనపరిమాణం 0.4ను 1.4తో భాగిస్తే దాదాపు 0.29 మి.లీ. అంటే 84 శాతం ఖాళీ. ఇందులో పాలిమర్ పీల్చుకున్న నీరు కూడా కలిసి ఉంటుంది కాబట్టి అసలు రంధ్రాల వాటా ఇంతకంటే కొంత తక్కువే.

గట్టిపరచడం

ఆమ్ల ద్రావణాల్లో పొర ఉబ్బి, జారి, చివరికి కరిగిపోకుండా గొలుసుల మధ్య ముడులు వేయాలి. గ్లూటరాల్డిహైడ్ ఆ పని చేస్తుంది, కానీ మనకు రాగిని పట్టిపెట్టాల్సిన అమైన్లనే వాడుకుని చేస్తుంది. అందుకే పిసినారిలా వేయాలి. 0.4 గ్రాముల పొరలో సుమారు 2 మిల్లీమోల్‌ల అమైన్ ఉంటుంది. అందులో పదో వంతు చాలనుకుంటే కావలసిన గ్లూటరాల్డిహైడ్ 0.1 మిల్లీమోల్, అంటే 25 శాతం ద్రావణంలో 40 మైక్రోలీటర్లు మాత్రమే. దాన్ని 50 మి.లీ. నీటిలో కలిపి, పొర వేసి, కొన్ని గంటలు నెమ్మదిగా ఊపండి. లేత పసుపు రంగు వస్తే చాలు. గోధుమ రంగుకు తిరిగిందంటే ఎక్కువైపోయింది. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి, దాని ఆవిరి శ్వాసనాళాలను పట్టి పీడిస్తుంది.

తెలిసినవాళ్లు చేసే ఒక చిట్కా ఉంది. ముందు పొరకు రాగి పట్టించి, ఆ తర్వాత గ్లూటరాల్డిహైడ్ వేసి, చివర్లో రాగిని తీసేస్తారు. రాగితో బిజీగా ఉన్న అమైన్ల జోలికి ఆల్డిహైడ్ అంతగా పోదు.

పరీక్ష: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే

3.93 గ్రాముల కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్‌ను లీటరు నీటిలో కరిగిస్తే లీటరుకు 1000 మి.గ్రా. రాగి ఉన్న ద్రావణం వస్తుంది. పదింతలు పలచన చేసి 100 మి.గ్రా. ద్రావణం చేసుకోండి. పీహెచ్ 5కి తెచ్చి, 100 మి.లీ.లో పొడి బరువు 0.05 గ్రాములకు సమానమైన తడి ముక్కను వేయండి. పావుగంటలో ముక్క అంచులు లేత నీలం అవుతాయి. ఇంకాసేపటికి మొత్తం నెమలికంఠం రంగుకు తిరుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ సంబరంలో పీహెచ్ మర్చిపోతారు.

పీహెచ్ 3 కంటే తక్కువైతే అమైన్లు ప్రోటాన్లను మోస్తూ ధనావేశంతో ఉంటాయి, ధనావేశమున్న రాగిని దగ్గరికి రానివ్వవు. ఐదున్నర దాటితే ఈ గాఢతలో రాగి తనంతట తానే అవక్షేపంగా దిగడం మొదలవుతుంది. మన చోటు ఈ రెండింటి మధ్య ఇరుకు సందు. పైగా పొర ఆ సందులో నిలవనివ్వదు. లెక్క చూడండి: 0.05 గ్రాముల పొరలో అమైన్ 250 మైక్రోమోల్‌లు. పీహెచ్ 5 దగ్గర 100 మి.లీ.లో ఉన్న ప్రోటాన్లు ఒకే ఒక్క మైక్రోమోల్. అమైన్లు ఆ ప్రోటాన్లను గుటుక్కున మింగేస్తాయి, పీహెచ్ పైకి పోతుంది. మొదటి గంటలో ప్రతి పది నిమిషాలకూ మీటరు చూసి, పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలతో 5కి తెస్తూ ఉండాలి. ఎసిటేట్ బఫర్ వేసేద్దాం అనిపిస్తుంది. వద్దు, ఎసిటేట్ రాగినీ పట్టుకుంటుంది, పొరనూ ఉబ్బిస్తుంది.

నేనొకసారి ఇది పట్టించుకోకుండా రాత్రంతా వదిలేశాను. ఉదయం లెక్క వేస్తే బ్రహ్మాండమైన అంకె. పెద్దలకు చూపించబోతూ బీకర్‌ను వెలుతురుకు ఎత్తితే అడుగున నీలిపచ్చ దూది పింజల్లాంటిది తిరుగుతోంది. పొర పట్టింది కాదు, రాగి అడుగున దిగింది. పీహెచ్ 6 దాటి ఉంది.

అప్పటినుంచి మూడు ఖాళీ పరీక్షలు లేకుండా ఏ అంకెనూ నమ్మను. ఒకటి, పొర లేకుండా అదే ద్రావణం, అలాంటి బీకర్‌లోనే. రెండు, రాగి లేని నీటిలో పొర. మూడోది చాలామంది వదిలేసేది: పొర లేకుండా, ప్రయోగం చివర్లో కనిపించిన పీహెచ్‌కు సర్దిన రాగి ద్రావణం. దాన్ని వడగట్టి కొలిచినప్పుడు రాగి తగ్గిందంటే ఆ తగ్గుదల పొర గొప్పతనం కాదు.

లెక్క సులువే. మొదటి గాఢతలోంచి చివరి గాఢత తీసేసి, లీటర్లలో ఘనపరిమాణంతో గుణించి, పొడి బరువుతో భాగించండి. 100 నుంచి 60కి పడితే 40ని 0.1తో గుణించి 0.05తో భాగిస్తే గ్రాముకు 80 మి.గ్రా. ఈ అంకె నమ్మదగినదేనా అని చూసుకోవడానికి ఒక పైకప్పు ఉంది. 85 శాతం డీఎసిటైలేషన్ ఉన్న కైటోసాన్‌లో గ్రాముకు 5.07 మిల్లీమోల్‌ల అమైన్. రెండు అమైన్లు కలిసి ఒక రాగిని పట్టుకుంటే గరిష్ఠం 161 మి.గ్రా., ఒక్కొక్కటీ ఒక్కో రాగిని పట్టుకుంటే 322. మీ ఫలితం 322 దాటిందంటే సంబరపడకుండా బీకర్ అడుగు చూడండి.

కొలవడానికి అటామిక్ అబ్సార్ప్షన్ పరికరం ఉంటే 324.7 నానోమీటర్ల దగ్గర, లీటరుకు 5 మి.గ్రా. లోపుకు పలచన చేసి కొలవండి. స్పెక్ట్రోఫొటోమీటరు మాత్రమే ఉంటే అమ్మోనియా కలిపి ముదురు నీలం చేసి 600 నానోమీటర్ల ప్రాంతంలో చదవచ్చు. కానీ 100 మి.గ్రా. ద్రావణానికి ఆ పద్ధతిలో శోషణ రీడింగ్ 0.1 కూడా రాదు. అలాంటప్పుడు లీటరుకు 500 నుంచి 1000 మి.గ్రా. ద్రావణంతో మొదలుపెట్టడమే దారి. అంత గాఢతలో అవక్షేపం ఇంకా తక్కువ పీహెచ్‌కే వస్తుంది కాబట్టి నాలుగున్నర దగ్గర పని చేయండి.

వేర్వేరు గాఢతలతో చేస్తే గాఢతను బట్టి ఉపరితలం ఎంత పట్టుకుంటుందో చెప్తూ లాంగ్‌ముయిర్ 1918లో ఇచ్చిన సమీకరణానికి మీ అంకెలు సరిపోతాయేమో చూడొచ్చు. సరిపోయినంత మాత్రాన ఉపరితలం మీద రాగి ఒకే వరసగా పరచుకుందని రుజువైనట్టు కాదు. గీత బాగా కుదిరింది, అంతే.

పొర గుండా పంపడం

బీకర్‌లో ముంచి చూడటం అర్ధ పరీక్షే. దారి ఉందని గొప్పలు చెప్పుకున్నాం కాబట్టి ఆ దారిలో నడిపించాలి. 47 మి.మీ. ఫిల్టర్ హోల్డర్‌లో పొర బిగించి, పెరిస్టాల్టిక్ పంపుతో నిమిషానికి 1 మి.లీ. చొప్పున, లీటరుకు 50 మి.గ్రా. రాగి ఉన్న ద్రావణం పంపండి. రబ్బరు వలయం కింద పోగా పనిచేసే వైశాల్యం 13 చ.సెం.మీ. ఉంటే అందులో కైటోసాన్ 80 మి.గ్రా. పైచిలుకు. గ్రాముకు 60 మి.గ్రా. పట్టే పొరైతే దాదాపు 100 మి.లీ. దాకా శుభ్రమైన నీరు రావాలి. పది మి.లీ. చొప్పున గొట్టాల్లో పట్టి కొలవండి. రాగి మొదటి గాఢతలో పదో వంతుకు చేరిన చోట గీత గీయండి. అది 100కి దగ్గరగా ఉంటే దారీ గోడా రెండూ పనిచేస్తున్నాయి. 20 దగ్గరే రాగి బయటపడితే ఎక్కడో లీకు ఉంది.

ఆ లీకు ఎక్కడో పొరే చెప్తుంది. హోల్డర్ విప్పి, పొరను బ్లేడుతో అడ్డంగా కోసి భూతద్దంతో చూడండి. పైనుంచి కిందిదాకా సమంగా నీలం దిగితే ప్రవాహం అంతటా నడిచింది. మధ్యలో తెల్లగా ఉండి అంచు చుట్టూ నీలపు ఉంగరం కనిపిస్తే నీరు వలయం పక్కనుంచి జారిపోయింది. ఒకచోట మాత్రమే ముదురు మచ్చ ఉంటే అక్కడ బుడగ పగిలిన గుంట ఉంది. పోసేటప్పుడు తొందరపడ్డారన్నమాట.

మీరు చివరికి ఏ నీటి మీద వాడాలనుకుంటున్నారో ఆ నీటిలోని మిగతా అయాన్లు కూడా కలిపి ఇంకోసారి చేయండి. సోడియం, కాల్షియం పెద్దగా అడ్డురావు. ఫెర్రిక్ ఇనుము ఉంటే పీహెచ్ 3 దాటగానే తుప్పు రంగులో దిగి రంధ్రాలు పూడ్చేస్తుంది, ముందే తీసేయాలి.

రాగిని వదిలించి మళ్లీ వాడటం

కైటోసాన్ గురించి తెలుసుకోవాల్సిన తమాషా ఒకటుంది. హైడ్రోక్లోరిక్, ఎసిటిక్ ఆమ్లాల్లో కరిగే ఈ పాలిమర్ గది వేడిలో పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరగదు, సల్ఫేట్ దాని గొలుసుల్ని కట్టి ఉంచుతుంది. అందుకే రాగిని వదిలించడానికి 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడండి. అరగంటలో నీలం వెలిసిపోతుంది. తర్వాత 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో ముంచి, పీహెచ్ తటస్థానికి వచ్చేదాకా కడగాలి. ఈ క్షారపు స్నానం ఎగ్గొడితే అమైన్లన్నీ ప్రోటాన్లతో నిండి ఉంటాయి, రెండో విడతలో పొర సగం కూడా పట్టదు. ‘పొర పాడైపోయింది’ అని పారేసినవాటిలో చాలావాటి జబ్బు ఇదే.

0.05 మోలార్ ఈడీటీఏ కూడా బాగా పనిచేస్తుంది, పొరకు మెత్తన. కానీ అది కొంచెం లోపల మిగిలినా తర్వాతి విడతలో రాగిని ద్రావణంలోనే పట్టుకుని కూర్చుంటుంది. ఏది వాడినా, బయటికి వచ్చిన రాగి కొలిచి, పట్టిన రాగితో సరిచూడండి. రెండూ కలవకపోతే మిగతాది ఇంకా పొరలో ఉంది, లేదా మొదట్లోనే అవక్షేపంగా పోయింది.

ఇక మిగిలిన ద్రావణాలు. రాగి చేపలకు, నాచుకు విషం, సింకులో పోయవద్దు. ఆమ్లంతో వదిలించిన రాగి ద్రావణాన్ని పీహెచ్ 8, 9 మధ్యకు తెస్తే రాగి దిగిపోతుంది, వడగట్టి ఘన వ్యర్థాల డబ్బాలో వేయండి. ఈడీటీఏ కలిసిన దాన్ని మాత్రం అందులో కలపకండి. ఆ రాగి ఏ పీహెచ్‌లోనూ అంత తేలిగ్గా దిగదు, పైగా పక్క సీసాలోని దాన్ని కూడా దిగనివ్వదు. దానికి వేరే డబ్బా, వేరే చీటీ పెట్టండి.